చిన్న కంపెనీకి పరదేశంలో పూచీ ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

కొత్త సాంకేతిక పార్కుల గురించి మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా శ్రద్ధగా చదువుతాను. ఎన్ని ఎకరాలు కేటాయించారు, ఎన్ని కోట్ల పెట్టుబడి రానుంది, ఎందరికి ఉద్యోగాలు దొరుకుతాయి అన్న మూడు లెక్కలూ అందులో తప్పక ఉంటాయి. పదిహేను మంది సిబ్బందితో ఆ పార్కులో చేరబోయే చిన్న కంపెనీ విదేశంలో తనలాంటి మరో చిన్న కంపెనీతో కలిసి పనిచేయాలనుకుంటే దానికి తోడ్పడేది ఎవరన్న ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించదు. చర్లపల్లిలో ప్రయోగశాలలకు ఉష్ణోగ్రత నియంత్రణ పరికరాలు తయారుచేసే యూనిట్‌ను ఇరవై ఏళ్లుగా నడుపుతున్న నాకు ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నగా తోస్తుంది.

కొన్నేళ్ల క్రితం జర్మనీలోని ఒక చిన్న సంస్థ మా పరికరాన్ని తమ యంత్రంలో అమర్చుకోవడానికి ఆసక్తి చూపింది. నాణ్యత విషయంలో పేచీ రాలేదు, ధర కూడా కుదిరింది. కానీ మేము గడువులోగా సరుకు పంపగలమా, తమ డిజైన్ మా చేతికిస్తే అది బయటికి పొక్కకుండా ఉంటుందా, అక్కడి నిబంధనల ప్రకారం పరీక్షలు చేయించగలమా అని వారు అడిగినప్పుడు, మా తరఫున ఒక మాట చెప్పడానికి వారికీ మాకూ తెలిసిన మనిషి ఒక్కరూ లేకపోయారు. పెద్ద కంపెనీకి దాని పేరే పూచీ. మా వంటి వారికి ఇంకొకరు పూచీ పడాలి. ఆరు నెలలు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచి ఆ వ్యవహారం ఆగిపోయింది. ఆ సంస్థ సందేహించడం తప్పని నేను అనను. వారి స్థానంలో నేనున్నా అలాగే సందేహించేవాడిని.

ఈ లోటు తీర్చడానికి గట్టిగా ప్రయత్నించిన ప్రాంతం ఒకటి రైన్ నది ఒడ్డున ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ట్రామ్ ఎక్కితే ఒక వైపు జర్మనీలోనూ, మరో వైపు ఫ్రాన్స్‌లోనూ దిగవచ్చు. ఆ నగరానికి చెందిన విమానాశ్రయం ఫ్రాన్స్ భూమి మీద ఉండగా దాన్ని స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ కలిసి నడుపుతున్నాయి. 1996లో అక్కడి రెండు పెద్ద మందుల కంపెనీలు, శాండోజ్, సిబా-గైగీ, కలిసి నోవార్టిస్ కాబోతున్నాయని తెలిసినప్పుడు, ఉద్యోగాలు పోతాయన్న దిగులు ఆ ప్రాంతమంతా కమ్ముకుంది. ఆ సంవత్సరమే బాసెల్, జర్మనీలోని ఫ్రైబర్గ్, ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతాలను కలిపి జీవసాంకేతిక రంగానికి ఒకే క్షేత్రంగా తీర్చిదిద్దాలన్న ఆలోచన పుట్టి, దానికి బయోవ్యాలీ అన్న పేరు స్థిరపడింది. సరిహద్దు ప్రాంతాల సహకారానికి యూరోపియన్ యూనియన్ కేటాయించే ఇంటర్‌రెగ్ నిధులు దానికి తొలినాళ్లలో ఊతమిచ్చాయి. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో సభ్యదేశం కాకపోయినా ఈ పనిలో కలిసి నడిచింది.

అక్కడ నాకు నచ్చినది పని జరిగే తీరు. మూడు దేశాల్లో మూడు సంఘాలు ఏర్పడ్డాయి. ఇటువంటి ఏర్పాటులో ఫ్రైబర్గ్‌లోని చిన్న కంపెనీకి అల్సాస్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఒక పరీక్షాశాల అవసరమైతే, అది ముఖపరిచయం లేని వారి తలుపు తట్టనక్కరలేదు. తన సంఘాన్ని అడుగుతుంది. ఆ సంఘానికి అవతలి సంఘం తెలుసు. అవతలి సంఘానికి తమ సభ్యుల్లో ఎవరు మాట మీద నిలబడతారో తెలుసు. ఇద్దరు అపరిచితుల మధ్య ఏళ్ల తరబడి పెరగవలసిన నమ్మకం ఇలా రెండు సంఘాల పరిచయం మీదుగా కొన్ని వారాల్లోనే చేతికి అందుతుంది. పన్నులు, కార్మిక చట్టాలు, బీమా నిబంధనలు ఇప్పటికీ మూడు దేశాల్లో మూడు రకాలే కనుక సరిహద్దు చెరిగిపోయిందని చెప్పలేము. ఏ నిబంధన దగ్గర ఎవరిని అడగాలో చెప్పే మనిషి ఉన్నాడు, అంతే. చిన్న కంపెనీకి సగం భారం అక్కడే తగ్గుతుంది.

సరిహద్దు పక్కనే ఉండటం వల్ల ఇది సాధ్యపడిందని ఎవరైనా అనవచ్చు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరం ఉదాహరణ చూస్తే ఆ మాట నిలవదు. అక్కడి చిప్ పరిశ్రమకు చెందిన సంస్థలు 2000లో సిలికాన్ సాక్సనీ అనే సంఘంగా ఏర్పడ్డాయి. 2012లో ఆ సంఘం ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్, బెల్జియంలోని ల్యూవెన్ ప్రాంతాల సంఘాలతో కలిసి సిలికాన్ యూరప్ కూటమిని నెలకొల్పింది. వీటి మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పన్ను చెల్లింపుదారుల సొమ్మును పరాయి దేశపు కంపెనీకి ఇవ్వడానికి ఏ ప్రభుత్వమూ ఇష్టపడదు. యూరప్‌లోని యూరోస్టార్స్ పథకం దీనికి తేలికైన దారి చూపింది: కనీసం రెండు దేశాల సంస్థలు కలిసి ఒక ప్రాజెక్టు చేపట్టాలి, ఒక చిన్న కంపెనీ దానికి నాయకత్వం వహించాలి, ఏ దేశం కంపెనీకి ఆ దేశమే నిధులివ్వాలి. మన దేశం 2017లో ఇజ్రాయెల్‌తో కలిసి 4 కోట్ల డాలర్లతో ఏర్పాటు చేసిన పరిశ్రమల పరిశోధన నిధి కూడా ఉమ్మడి ప్రాజెక్టుల కోసం పెట్టినదే. కానీ ఇలాంటి నిధికి దరఖాస్తు చేయాలంటే ముందు అవతలి దేశంలో భాగస్వామి దొరకాలి. మళ్లీ పూచీ దగ్గరికే వస్తాము.

మన దగ్గర క్లస్టర్లు, అంటే ఒకే రంగానికి చెందిన సంస్థలు ఒకచోట చేరిన ప్రాంతాలు, లేక కాదు. బాలానగర్‌లో ప్రభుత్వ రంగ మందుల కర్మాగారం ఐడీపీఎల్ లేకపోతే హైదరాబాద్ మందుల పరిశ్రమ ఇంతగా ఎదిగేదా అని మా తరం వారు ఇప్పటికీ అనుకుంటాము. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి గారు అంతకుముందు అక్కడ పనిచేసినవారే. తుర్కపల్లిలో 1999 నుంచి నాలెడ్జ్ పార్కు, దాని చుట్టూ జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీ కోసం ఏర్పడిన మెడ్‌టెక్ జోన్‌లో గామా కిరణాలతో శుద్ధి చేసే కేంద్రం, విద్యుదయస్కాంత పరీక్షల ప్రయోగశాల వంటివి చిన్న తయారీదారులు సొంతంగా కొనలేనివి ఉమ్మడిగా అందుబాటులోకి వచ్చాయి. ఇది ఎంతో మేలు చేసిన పని, ఆ మేలును నేను మనస్ఫూర్తిగా గుర్తిస్తున్నాను. యంత్రాలను ఉమ్మడిగా వాడుకోవడం నేర్చుకున్న మనం పరిచయాలను కూడా ఉమ్మడిగా వాడుకోవడం నేర్చుకోవాలి.

అందుకని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. ప్రతి సాంకేతిక క్లస్టర్‌లోనూ ముగ్గురు నలుగురు మనుషులతో ఒక స్థిరమైన కార్యాలయం ఏర్పాటు చేయండి. సగం ఖర్చు సభ్య కంపెనీల చందాల నుంచి రావాలి, అప్పుడే అది మా మాట వింటుంది. అందులో పనిచేసేవారు ప్రభుత్వం మారినప్పుడల్లా బదిలీ కాకూడదు, ఎందుకంటే పరిచయం మనుషుల మధ్య పెరుగుతుంది, కుర్చీల మధ్య కాదు. యూరప్‌లోని ఒకటి రెండు సంఘాలతో లోతైన సంబంధం పెట్టుకుంటే చాలు. అక్కడి చిప్ కంపెనీల్లోనూ మందుల కంపెనీల్లోనూ పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సలహా అడిగితే కాదనరని నా నమ్మకం. ఆ కార్యాలయం ఎలా పనిచేస్తోందో చూసేటప్పుడు సంతకాలైన ఒప్పందాలను లెక్కపెట్టవద్దు. రెండు దేశాల చిన్న కంపెనీలు కలిసి తయారుచేసి అమ్మిన వస్తువులు ఎన్నో అడగండి.

జర్మనీ సంస్థతో నడిచిన ఆ పాత ఉత్తరాల ఫైలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అటువంటి కార్యాలయం తెరిచిన రోజున ఆ ఫైలు పట్టుకుని మొదట వెళ్లేది నేనే.

భవదీయుడు,
ఒక చిన్న పరిశ్రమ నిర్వాహకుడు,
చర్లపల్లి, హైదరాబాద్.