సోమవారం ఉదయపు కడుపునొప్పి గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

మొదటి యూనిట్ పరీక్షల జవాబు పత్రాలు ఇంటికి పంపించాం. మార్కుల గురించి అడగడానికి చాలామంది వస్తున్నారు, రండి, మాట్లాడదాం. ఈ ఆగస్టు నెల లేఖలో మాత్రం వాటి జోలికి పోను. హాజరు పట్టీలో కనిపించిన ఒక సంగతి మీకు చెప్పాలి.

కొందరు పిల్లలు నెలలో నాలుగైదు రోజులు బడికి రారు. ఏయే రోజులని చూస్తే ఎక్కువగా సోమవారాలు, స్లిప్ టెస్టు ఉన్న రోజులు, ప్రేయర్‌లో మైకు ముందు నిలబడవలసిన రోజులు. సెలవు చీటీలో రాసే కారణం దాదాపు ఒకటే, కడుపునొప్పి. విజయవాడ సూర్యారావుపేటలో ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు చూపించి, స్కానింగు తీయించి, “ఏమీ లేదన్నారు మేడమ్, అంతా నాటకం” అని చెప్పే తండ్రులు ఉన్నారు. స్కానింగులో ఏమీ కనిపించకపోవడం సంతోషించవలసిన విషయమే. కానీ అంతమాత్రాన అది నాటకమని తేల్చేయడం తొందరపాటు.

భయం వేసినప్పుడు మెదడు శరీరాన్ని పారిపోవడానికో తిరగబడడానికో సిద్ధం చేస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. రక్తం కండరాల వైపు మళ్ళి జీర్ణక్రియ మందగిస్తుంది. కడుపులో తిప్పడం, వాంతి వచ్చేలా ఉండడం, మాటిమాటికీ బాత్రూముకు పరుగెత్తడం అందుకే. ఎదురుగా పాము ఉన్నా, లెక్కల పరీక్ష ఉన్నా శరీరం చేసే పని ఇదే. పిల్లవాడికి వచ్చిన నొప్పి నిజమైనదే, దాని మూలం మాత్రం కడుపులో లేదు.

పరీక్ష ముందు గుండె దడ అందరికీ ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు నాకూ ఉంటుంది. పని అయిపోగానే తగ్గిపోయే ఆ దడను జబ్బు అనరు. భయం సందర్భానికి మించి ఉండి, వారాల తరబడి వదలకుండా, పిల్లలు చేయవలసిన పనులకు అడ్డుపడుతున్నప్పుడు దాన్ని ఆందోళన రుగ్మతగా అనుమానించాలి. చిన్న తరగతుల్లో అది తల్లిని విడిచి ఉండలేకపోవడంగా కనిపిస్తుంది. కొత్తలో పది రోజులు ఏడవడం మామూలే, నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే పట్టించుకోవాలి. ఆరేడు తరగతుల నుంచి నలుగురిలో మాట్లాడాలంటే, తినాలంటే భయం మొదలవుతుంది. ఇంకొందరు అమ్మకు ఏమవుతుందో, నాన్న బండి మీద క్షేమంగా వస్తాడో లేదో అని రోజంతా ఏదో ఒకదాని గురించి బెంగపడుతూనే ఉంటారు. హఠాత్తుగా ఊపిరి ఆడక, చచ్చిపోతానేమో అనిపించే పానిక్ అటాక్ వేరు. అది కొద్ది నిమిషాల్లోనే పతాక స్థాయికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం గుండె, ఊపిరితిత్తుల సమస్య కాదని డాక్టరుతో నిర్ధారించుకోవాలి.

ఇప్పుడు మీకు కష్టంగా తోచే మాట. భయపడే పిల్లలను జాలిపడి ఇంట్లో ఉంచుకుంటే భయం పెరుగుతుంది. “సరే, ఈ రోజుకు వెళ్ళకులే” అనగానే కడుపునొప్పి పావుగంటలో మాయమవుతుంది. ఆ ఊరట ఎంత బాగుంటుందంటే, బడి నిజంగానే ప్రమాదకరమైన చోటని, తప్పించుకోవడమే మార్గమని మెదడు నేర్చుకుంటుంది. మంగళవారం ఇంకా కష్టం, బుధవారం మరీ కష్టం. అలాగని ఏడుస్తున్న పిల్లను ఆటోలో కుక్కి పంపడమూ పరిష్కారం కాదు. మొదటి వారం రెండు పీరియడ్లకే తీసుకురండి. తరగతిలో కూర్చోలేకపోతే లైబ్రరీలో కూర్చోబెడతాం. పై వారం మధ్యాహ్న భోజనం దాకా, ఆ తర్వాత సాయంత్రం దాకా. మానసిక వైద్యులు చేసేదీ ఇలా మెట్టు మెట్టుగా భయాన్ని ఎదుర్కొనేలా చేయడమే. ఒక్క షరతు. తోటి పిల్లలు ఏడిపించడం వల్లనో, టీచరు కొట్టడం వల్లనో భయమైతే ముందు సరిచేయవలసింది బడిని. ఆ సంగతి నిర్భయంగా నాకు చెప్పండి.

మన ఊరి పిల్లల భయాల్లో బుడమేరు వాగు వరద ఒకటి. 2024 సెప్టెంబరు 1న సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగినప్పుడు కరెంటు లేక, మేడల మీద రోజులు గడిపిన పిల్లలు మన బడిలో ఉన్నారు. పడవలు, డ్రోన్లు తెచ్చిన ఆహార పొట్లాల కోసం ఎదురుచూసినవారు. ఇప్పటికీ గట్టిగా వాన పడితే వాళ్ళ చూపు పుస్తకం మీద ఉండదు. చాలామందికి కాలక్రమంలో, రోజువారీ పద్ధతి గాడిన పడ్డాక తగ్గుతుంది. పీడకలలు, ఉలికిపాటు, ఆ మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోవడం ఇంకా ఉంటే నిపుణుల సాయం కావాలి. ఇంట్లో అప్పటి వీడియోలు పదే పదే చూడకండి. “మళ్ళీ రాదులే” అని చెప్పి ఊరుకోకుండా, వస్తే ఎవరి ఇంటికి వెళ్తాం, కాగితాలు ఎక్కడ ఉంటాయి, అమ్మమ్మను ఎవరు పట్టుకుంటారు అన్నది చెప్పండి. ఏం చేయాలో తెలిసిన పిల్లలకు ధైర్యం వస్తుంది.

కుంగుబాటు, అంటే డిప్రెషన్, పిల్లల్లో గుర్తుపట్టడం మరింత కష్టం. ఏడుస్తూ మూలన కూర్చుంటారని మనం అనుకుంటాం. చాలామందిలో అది చిరాకుగా, ఎదురుతిరగడంగా, తలుపు ధడేలుమని వేయడంగా బయటపడుతుంది. “పొగరెక్కింది” అని మనం తీర్పు చెప్పేస్తాం. ఇష్టమైన క్రికెట్ మానేశాడా? స్నేహితురాలి ఫోను ఎత్తడం లేదా? నిద్ర, ఆకలి మారాయా? “నా వల్ల ఏమీ కాదు” అంటోందా? ఇలాంటివి కొన్ని కలిసి, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలు ఉంటే ఆగకండి. అరుదుగా దీనికి పూర్తిగా భిన్నమైనదీ ఉంటుంది. కౌమారం చివర్లో కొందరు రోజుల తరబడి సరిగా నిద్రపోకపోయినా అలసట లేకుండా, ఆపకుండా మాట్లాడుతూ, కొండలు పిండి చేస్తామంటారు. అది బైపోలార్ రుగ్మత కావచ్చు. కుటుంబంలో ఎవరికైనా అది ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి, మందుల ఎంపిక దాన్ని బట్టి మారుతుంది.

“మా వంశంలో ఎవరికీ లేదు, వీడికి ఎందుకు వచ్చింది?” అని అడుగుతారు. వంశపారంపర్యం అవకాశాన్ని పెంచుతుంది, అంతకుమించి ఏమీ నిర్ణయించదు. పుట్టుకతో వచ్చే బిడియపు స్వభావం, ఆత్మీయుల మరణం, తల్లిదండ్రుల గొడవలు, అప్పులు, వేధింపులు, నిద్రలేమి కలిసి పనిచేస్తాయి. ఒకే కారణాన్ని పట్టుకుని ఎవరినీ నిందించలేం. థైరాయిడ్ తేడా, రక్తహీనత కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి కనుక ముందు రక్తపరీక్ష చేయించడం మంచిది. దిష్టి తీయాలనిపిస్తే తీయండి, నాకు అభ్యంతరం లేదు. డాక్టరు దగ్గరకు వెళ్ళడం మాత్రం వాయిదా వేయకండి.

మార్కుల ప్రస్తావన తేనన్నాను గానీ ఒక్క మాట. ఎనిమిదో తరగతి పిల్లను గూడవల్లి, నిడమానూరు వైపు ఇంటర్ కాలేజీల హాస్టళ్ళు చూపించడానికి తీసుకెళ్ళి, “రెండేళ్ళలో ఇక్కడే” అని చెప్పడం ప్రోత్సాహం కాదు. కౌమారంలో రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. ట్యూషన్ల తర్వాత అంత మిగులుతోందా, మీరే లెక్కవేయండి.

ఇది ఎక్కడో అరుదుగా ఉండే విషయం కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ళ వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. నలభై మంది ఉన్న తరగతిలో సుమారు ముగ్గురన్నమాట. విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు మందులు రాస్తే వాటి ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపకండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి పెట్టకండి. ఇక అందరూ లోలోపల భయపడేది టీసీ గురించి, రేపటి పెళ్ళి సంబంధం గురించి. టీసీలో ఇలాంటివి ఏవీ రాయం. వైద్యుడు చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

బిడ్డ నోట “నేను లేకపోతే బాగుండు” లాంటి మాట వస్తే బెదిరింపు అనుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా, నెమ్మదిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి. మాత్రలు, పొలం ఉన్న ఇళ్ళలో పురుగుమందు డబ్బాలు తాళం వేసి పెట్టండి. 14416కు ఫోను చేయండి, ప్రమాదం కళ్ళెదుట ఉంటే 108కి.

నాతో విడిగా మాట్లాడాలనుకునేవారు బుధవారాలు సాయంత్రం నాలుగు తర్వాత రావచ్చు, ఆఫీసులో కారణం చెప్పనక్కరలేదు. బిడ్డ నిద్రపోయే వేళలు, సెలవు పెట్టిన తేదీలు ఒక కాగితం మీద రాసి తెస్తే మాట్లాడడం తేలికవుతుంది. అదే కాగితం డాక్టరుకూ పనికొస్తుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
విజయవాడ