విశాఖ సముద్రంలో గాలపు వేటకు కృత్రిమ దిబ్బలు: మత్స్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మత్స్యశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

విశాఖపట్నం తీరజలాల్లో కృత్రిమ దిబ్బలు (చేపలు చేరేందుకు సముద్రం అడుగున దించే కాంక్రీటు దిమ్మెల కట్టడాలు) నిర్మించి, వాటి మీద గాలపు వేటను, అందులో భాగంగా సరదాకు గాలం వేసేవారి వేటను కూడా ఒక పద్ధతి ప్రకారం పెంపొందించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఈ కోరికకు ఒక షరతు కూడా ఉంది. ఆ దిబ్బల మీద వల పడకూడదు, వాటి బాగోగులు ఆయా మత్స్యకార పేటల జాలారుల చేతుల్లోనే ఉండాలి. ఈ షరతు పాటించడం సాధ్యం కాదనుకుంటే అసలు ఈ పని తలపెట్టకపోవడమే సముద్రానికీ, దాని మీద బతికేవారికీ మేలని నా నమ్మకం. అలా ఎందుకు అనుకుంటున్నానో వివరంగా విన్నవించుకుంటాను.

నేను మత్స్యకార కుటుంబంలో పుట్టినవాణ్ణి కాను. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో తెన్నేటి పార్కు కింది రాళ్ల మీద నిలబడో, పేటలోని ఫైబర్ బోటును అద్దెకు మాట్లాడుకుని వెళ్లో గాలం వేసేవాళ్లలో ఒకణ్ణి. మాబోటివాళ్ల సంఖ్య నగరంలో పెరుగుతోందని ఏ ఆదివారం ఉదయమైనా ఆ రాళ్ల దగ్గరకు వెళ్లి చూస్తే తెలుస్తుంది. అయితే మాకంటూ ఒక నియమం లేదు, ఒక రుసుము లేదు, ఎంత పట్టాలో ఎంత వదలాలో చెప్పే వ్యవస్థ లేదు. అది మాకూ మంచిది కాదు, చేపలకూ మంచిది కాదు.

పేటలోని పెద్దలతో సముద్రం మీదికి వెళ్లినవారికి ఒక సంగతి అనుభవంలోకి వస్తుంది. బోటులో జీపీఎస్ ఉన్నా పెద్దాయన చూపు ఒడ్డు మీదే ఉంటుంది. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌసునూ, కైలాసగిరి కొసనూ తనకు తెలిసిన గురుతులతో సరిచూసుకుని, రెండూ కుదిరిన చోట ఇంజను ఆపమంటాడు. తాడు చివర సీసపు గుండు కట్టి జారవిడిచి, అది అడుగున తగిలిన తీరును వేళ్లతోనే పోల్చుకుంటాడు. అడుగు బురదైతే గుండు మెత్తగా దిగబడుతుంది, రాయైతే టక్కున తగిలి ఆ అదురు వేలికి తెలుస్తుంది. రాయి తగిలిన తరువాతే గాలాలు దిగుతాయి. మన తీరంలో అడుగు చాలా మేరకు ఇసుక, బురద. గట్టి రాతి నేల ఉన్న చోట్లు కొన్నే. ఆ కొన్ని చోట్లు తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఆస్తి. కృత్రిమ దిబ్బ అంటే అటువంటి రాతి నేలను, లేని చోట మనం సమకూర్చడమే.

కాంక్రీటు దిమ్మె సముద్రంలో దిగిన కొద్ది రోజులకే దాని మీద సన్నని జిగురు పొర, నాచు పడతాయి. తరువాత చిన్న చిన్న గుల్లలు అంటుకుంటాయి, ఆలుచిప్పలు, స్పాంజీలు చోటు చేసుకుంటాయి. వాటిని తినడానికి, దిమ్మెల సందుల్లో దాక్కోవడానికి చిరు చేపలు చేరతాయి. గ్రూపర్, స్నాపర్ వంటి రాతి చేపలు ఆ సందులనే ఇల్లు చేసుకుంటాయి, పార చేపలు గుంపులుగా చుట్టూ తిరుగుతాయి, పైనీటిలో కోనాం చేప వేటకు వస్తుంది. కటిల్ ఫిష్ గుడ్లు పెట్టడానికి కూడా ఏదో ఒక గట్టి ఆధారం కావాలి. ఇంత జరగడానికి మనం చేయవలసిందల్లా సరైన లోతులో, సరైన నేల మీద, సరైన దిమ్మెను దించి, దాన్ని దాని మానాన వదిలేయడం.

ఇందులో కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద కేంద్ర మత్స్యశాఖ 11 తీర రాష్ట్రాలలో 937 కృత్రిమ దిబ్బలకు 291.37 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. అంటే సగటున ఒక్కోదానికి దాదాపు 31 లక్షలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ తమిళనాడు, కేరళ తీరాలలో ఎంతో కాలంగా ఈ దిమ్మెలను దించుతూ, వాటి మీద చేరే చేపలను పరిశీలిస్తూ వస్తోంది. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం మన విశాఖలోనే ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం, ఆంధ్రా యూనివర్సిటీ సముద్ర జీవవనరుల విభాగం కూడా ఇక్కడే ఉన్నాయి. ఇంతమంది నిపుణులు ఒకే ఊళ్లో దొరికే తీర నగరాలు దేశంలో ఎక్కువ లేవు.

కాబట్టి కాంక్రీటు గురించి నాకు బెంగ లేదు. దిబ్బ కట్టిన మరునాటి నుంచి దాని మీద ఎవరు, దేనితో వేటాడతారన్నదే నా బెంగంతా. కృత్రిమ దిబ్బ చేపలను నిజంగా పెంచుతుందా, లేక చెదిరి ఉన్న చేపలను ఒకచోట పోగుచేస్తుందా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య దశాబ్దాలుగా నడుస్తోంది. రెండూ జరుగుతాయనీ, ఏది ఎంత అన్నది వేట ఒత్తిడి మీద ఆధారపడుతుందనీ నేను అర్థం చేసుకున్నాను. పోగుపడ్డ చేపల చుట్టూ రింగు వల తిప్పితే, విడివిడిగా ఉన్నప్పుడు నెలల తరబడి దొరకవలసిన చేప ఒక్క పూటలో ఒడ్డుకు వస్తుంది. అప్పుడు ప్రజాధనంతో కట్టిన దిబ్బ, చేపలను వేగంగా ఖాళీ చేసే సాధనమవుతుంది. రింగు వలల మీద మన పేటల మధ్య ఎంత కోపం రగులుతోందో తమకు తెలియనిది కాదు. 2022 జనవరిలో ఆ గొడవ సముద్రం మీదికి పాకి బోట్లు తగలబడ్డాయి. రింగు వలలు తీరానికి 8 కిలోమీటర్ల లోపు వేయరాదన్న హద్దు ఉన్నా అది నీళ్ల మీద గీసిన గీతగానే మిగిలిందని పేటల్లో ఎవరిని అడిగినా చెబుతారు. అటువంటి జలాల్లో, ఎవరిదో తేల్చకుండా, చేపలు చేరే దిబ్బను కట్టి వదిలేస్తే మరో గొడవకు మనమే పునాది వేసినట్టవుతుంది.

అందుకే గాలం ఒక్కటే అనుమతించాలని కోరుతున్నాను. ఒక గాలానికి ఒకసారి ఒక చేపే వస్తుంది, పిల్ల చేపైతే ప్రాణాలతో తిరిగి నీళ్లలో వదలవచ్చు, తాబేలు చిక్కుకునే ప్రమాదం వలతో పోలిస్తే చాలా తక్కువ. పెద్ద పెట్టుబడి లేని చిన్న బోటు జాలారి చేతిలో ఉన్న పరికరం అదే, మా వంటి సరదా వేటగాళ్ల చేతిలో ఉన్నదీ అదే. ఫలానా ప్రాంతంలో ఫలానా వేట పరికరాన్ని నియంత్రించే, నిషేధించే అధికారాన్ని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం ప్రభుత్వానికి ఇప్పటికే ఇచ్చింది. కొత్త చట్టం అక్కరలేదు. దిబ్బ చుట్టూ కొంత మేర వల వేట నిషిద్ధమని ఒక ఉత్తర్వు, ఆ హద్దులు తెలుపుతూ నీటిపై తేలే బోయాలు, బోట్ల యజమానులందరికీ ముందుగా అందిన జీపీఎస్ గురుతులు ఉంటే చాలు. దిమ్మెలకు తగిలి వల చిరిగిందంటే ఆ నష్టం వేలల్లోనో లక్షల్లోనో ఉంటుంది కనుక, గురుతులు ముందే ఇవ్వడం మరబోట్ల వారి పట్ల కూడా న్యాయం.

సరదా వేట కోసం ప్రభుత్వం ఖర్చు చేయడమేమిటని అడిగేవారు ఉంటారు, ఆ ప్రశ్న సబబైనదే. అమెరికాలో 1950లో వచ్చిన చట్టం ప్రకారం గాలపు కర్రలు, రీళ్లు వంటి వేట సామగ్రి మీద వసూలైన పన్ను రాష్ట్రాల మత్స్య అభివృద్ధికి తిరిగి వెళుతుంది. అలబామా రాష్ట్రంలో 1953లో 250 పాత కారు బాడీలను సముద్రంలో దించడంతో మొదలైన దిబ్బల కార్యక్రమం, ఇవాళ ఆ దేశంలోనే అతిపెద్ద వాటిలో ఒకటిగా, రెడ్ స్నాపర్ వేటకు పేరుపడింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో గాలం వేసేవారు కట్టే లైసెన్సు రుసుము ఒక ప్రత్యేక నిధికి చేరుతుంది. 2011లో సిడ్నీ తీరానికి ఎదురుగా దించిన ఉక్కు దిబ్బకు డబ్బు ఆ నిధి నుంచే వచ్చింది. మేమూ కట్టడానికి సిద్ధంగా ఉన్నాం. ఒక రోజు అనుమతికి ఇంత అని రుసుము పెట్టి, ఆ డబ్బు ఖజానాలో కలిసిపోకుండా, దిబ్బ నిర్వహణకూ ఆ పేట మత్స్యకార సహకార సంఘానికీ చేరేలా విడి ఖాతా తెరవాలి.

పరాయి దేశాల నుంచి నేర్చుకోవలసింది మంచి ఒక్కటే కాదు. 1970లలో ఫ్లోరిడాలో ఆస్‌బోర్న్ రీఫ్ పేరుతో సుమారు 20 లక్షల పాత టైర్లను కట్టలు కట్టి సముద్రంలో పడేశారు. కట్లు తెగి టైర్లు అలలకు కొట్టుకుపోయి పక్కనున్న సహజ పగడపు దిబ్బలను రాచి పాడుచేశాయి. వాటిని పైకి తీయడానికి దశాబ్దాల తరువాత సైనిక డైవర్లను దింపవలసి వచ్చింది. మన దగ్గర కూడా ఈ పేరుతో పాత టైర్లో, తుక్కు బస్సులో, కాలం చెల్లిన ఓడలో ముంచుదామన్న సలహా ఎవరైనా తెస్తే దయచేసి మొదటే తోసిపుచ్చండి. ఓడను ముంచాలంటే దానిలోని నూనె, రంగులు, విద్యుత్ తీగల్లోని విషపదార్థాలు తీసేయడానికే భారీగా ఖర్చవుతుంది. విశాఖ నౌకాశ్రయం కట్టిన రోజుల్లో రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అలలకు అడ్డుకట్ట వేశారన్నది నిజమే గానీ, ఆనాటి అవసరం వేరు.

చోటు ఎంపిక గురించి కూడా మనవి చేయాలి. మన సముద్రంలో ఖాళీ అనిపించే చోటల్లా ఖాళీ కాదు. నౌకాశ్రయానికి వచ్చే ఓడల దారి ఉంది, తూర్పు నౌకాదళం వాడుకునే జలాలున్నాయి, పరిశ్రమల వ్యర్థజలాలు కలిసే చోట్లున్నాయి. ఒడ్డు వెంబడి ఇసుక ఏడాదిలో ఎక్కువ నెలలు ఉత్తరానికి కదులుతుంది. ఆ కదలిక తెలియకుండా దించిన దిమ్మె కొన్నేళ్లలో ఇసుకలో కూరుకుపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటి అలలను చూసినవారెవరూ తేలికపాటి దిమ్మెలు చాలని అనరు. ఆర్కే బీచ్ నుంచి ఉత్తరాన ఉన్న ఇసుక తీరాలకు శీతకాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, వాటి దారిని వదిలేయాలి. లోతు విషయంలో నాదొక ప్రత్యేక విజ్ఞప్తి. లోతైన నీటి నుంచి వేగంగా పైకి లాగిన రాతి చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, నోటి నుంచి పొట్ట బయటికి వస్తుంది. అలాంటి పిల్ల చేపను వదిలినా కిందికి దిగలేక పైనే తేలుతూ చస్తుంది. నేను కళ్లారా చూసిన ఆ దృశ్యం మీకు నివేదించడం నా బాధ్యత అనుకుంటున్నాను. పట్టి వదలడం అన్న నియమం అర్థవంతంగా ఉండాలంటే దిబ్బలు 10 నుంచి 20 మీటర్ల లోతులోనే ఉండాలి. ఇవన్నీ తూచి చూస్తే రుషికొండకు ఉత్తరాన, మంగమారిపేట, భీమిలి వైపున వెతకడం మేలని నాకు తోస్తోంది. తుది మాట మాత్రం శాస్త్రవేత్తలదీ, ఆ పేటల పెద్దలదీ కావాలి.

సరదా వేటకు వచ్చేవారు పేట బోట్లలోనే వెళ్లాలన్నది నా మరో అభ్యర్థన. రిసార్టుల స్పీడు బోట్లకు, బయటి కంపెనీల ప్యాకేజీలకు ఈ దిబ్బలను అప్పగిస్తే, తరతరాలుగా ఆ నీటిని ఎరిగిన మనిషి తన సముద్రంలోనే కూలివాడైపోతాడు. బోటుకు అద్దె, దాన్ని నడిపే సరంగుకు కూలి, ఎర అమ్మేవారికి నాలుగు డబ్బులు, లైఫ్ జాకెట్లు, బీమా, ఇవన్నీ సహకార సంఘం ద్వారా నడవాలి. సరదాగా పట్టిన చేపను అమ్మరాదని నియమం ఉండాలి. మా చేప బజారుకు వస్తే తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిరిగి అమ్ముకునే ఆడవాళ్ల బేరం దెబ్బతింటుంది. మనిషికి రోజుకు ఎన్ని చేపలు, ఏ జాతి ఎంత పొడవు లోపుంటే వదిలేయాలి అన్నది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ నిర్ణయిస్తే మేము శిరసావహిస్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట విరామం మాకూ తప్పక వర్తించాలి. జాలారి ఒడ్డున కూర్చున్న రోజుల్లో మేము సరదా కోసం మోటారు బోటెక్కడం న్యాయం కాదు.

మొదట రెండు దిబ్బలు చాలు. ఒకదాని మీద గాలపు వేటకు అనుమతించి, రెండోదాన్ని కొన్నేళ్ల పాటు ఏ వేటా లేకుండా వదిలేస్తే, దిబ్బ చేపను పెంచుతోందా, పోగుచేస్తోందా అన్నది మన నీళ్లలోనే తేలుతుంది. దిమ్మెలు దించకముందు ఆ చోట ఏమున్నదో డైవర్లతో నమోదు చేయించాలి, తరువాత ఏటేటా అదే పని చేయించి, ఫలితాలను తెలుగులో రాసి పేట రామకోవెల గోడకు అంటించాలి. దిబ్బలు దించిన ఫొటోలు పత్రికల్లో పడ్డాక వాటిని మరిచిపోవడం అన్నిటికన్నా సులువైన పని, అది జరగకూడదనే ఇంతగా అడుగుతున్నాను.

వచ్చే వేట విరామ కాలంలో బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, సరంగులూ కళాసీలూ ఊళ్లోనే ఉంటారు. ఆ రోజుల్లో తమరు గానీ, మత్స్యశాఖ కమిషనరుగారు గానీ, శాస్త్రవేత్తలను వెంటబెట్టుకుని జాలారిపేట నుంచి భీమిలి దాకా ఒక్కో పేటలో ఒక్కో పూట కూర్చుని, సముద్రపు పటం పరిచి, ఎక్కడ రాయి ఉందో ఎక్కడ లేదో పెద్దల చేత చెప్పించుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాను. సరదా వేటగాళ్లను పిలిస్తే మేమూ వస్తాం, అయితే ముందు వరుస పేటవారిది.

భవదీయుడు,
గాలం వేసే ఒక విశాఖ పౌరుడు
విశాఖపట్నం