5 లక్షల అప్పుకి దక్కిన ఊరట 760 రూపాయలు

ఎడిటర్ గారికి నమస్కారం,

కరోనా టైంలో అప్పులున్నోళ్లని గవర్నమెంటు బాగా ఆదుకుందని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నేను తణుకులో చిన్న చిన్న షాపులకి లెక్కలు రాస్తుంటానండి, ఆ ఆదుకోవడం లెడ్జర్లో ఎంత పడిందో చెబ్దామనే ఈ ఉత్తరం.

2020 మార్చి 27న ఆర్‌బీఐ మూడు నెలలు వాయిదాలు ఆపుకోడానికి బ్యాంకులకీ ఫైనాన్స్ కంపెనీలకీ పర్మిషన్ ఇచ్చింది, మే నెలలో దాన్నే ఆగస్టు 31 దాకా పొడిగించింది. మంచి పనే, కాదనను, షట్టర్లు దించేసి ఉంటే ఈఎంఐ ఎక్కణ్ణుంచి తెస్తారు. కానీ వడ్డీ మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు. 30 లక్షల హోం లోను ఇంకా 15 ఏళ్లు ఉన్నోళ్లు మొదటి మూడు నెలలు కట్టకపోతే అదనంగా సుమారు 2.34 లక్షల వడ్డీ, అంటే ఎనిమిది వాయిదాలంత పడుతుందని స్టేట్ బ్యాంకే అప్పట్లో చెప్పింది. అది ఎంతమంది చూశారు? మాకు తెలిసిన టెంట్ హౌస్ ఆయన, ఆ పెళ్లిళ్ల సీజన్లో కుర్చీలూ షామియానాలూ గోడౌన్ దాటలేదు, ఫోన్లో ఇంగ్లీషు మెసేజ్ చూసి "వాయిదాలు వదిలేశారంటండి" అని సంబరపడ్డాడు, తర్వాత స్టేట్‌మెంట్ తీస్తే అసలు పెరిగి కూర్చుంది. రోజువారీ వసూలు ఫైనాన్స్ వాళ్ల దగ్గర తీసుకున్నోళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు, అక్కడ ఆర్‌బీఐ మాట ఎవరు వింటారు.

వడ్డీ మీద వడ్డీ ఏంటని ఆగ్రా ఆయనొకరు సుప్రీంకోర్టుకెళ్తే, 2020 అక్టోబర్లో కేంద్రం 2 కోట్ల లోపు లోన్లకి చక్రవడ్డీకీ బారువడ్డీకీ ఉన్న తేడా తానే ఇస్తానంది. ఘనంగా చెప్పారు గానీ లెక్కేసి చూడండి. 12 శాతం మీద 5 లక్షల లోనుకి ఆరు నెలల బారువడ్డీ 30,000, నెలనెలా అసల్లో కలిపితే 30,760. ఇచ్చింది ఆ 760. పంట రుణాలకి అదీ లేదు. 2021 మార్చి 23న కోర్టు చక్రవడ్డీ ఎవరి దగ్గరా తీసుకోవద్దంది, మొత్తం వడ్డీ మాఫీ మాత్రం కుదరదంది.

ఇప్పుడు కంపెనీల వైపు చూడండి. 2020 జూన్లో ఆర్డినెన్స్ తెచ్చి దివాలా చట్టంలో 10ఏ సెక్షన్ పెట్టారు, 2020 మార్చి 25 నుంచి ఏడాది పాటు అప్పు కట్టలేక వచ్చిన డిఫాల్టు మీద ఆ కంపెనీని ఎప్పటికీ దివాలా కేసులోకి లాగకూడదని. అప్పు పోదు, నిజమే, కానీ రక్షణ మాత్రం శాశ్వతం. మా టెంట్ హౌస్ ఆయన చెక్కు బౌన్స్ అయితే? చెక్కు బౌన్స్ కేసుల సెక్షన్ 138 కింద నోటీసు ఎప్పట్లాగే.

ఇంకోటుందండి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. దివాలా కేసు వెయ్యడానికి డిఫాల్టు కనీసం లక్ష ఉంటే చాలనేది తీసేసి 2020 మార్చి 24న కోటి చేశారు. చిన్న కంపెనీలని కాపాడ్డానికన్నారు. పెద్ద కంపెనీకి సరుకేసి 40 లక్షలు రావాల్సిన చిన్న సప్లయరుకి కూడా ఆ దారి మూసుకుపోయింది, ఇక సివిల్ కోర్టులాంటి వేరే దారుల చుట్టూ తిరగాల్సిందే. కరోనా పోయింది, 10ఏలో చెప్పిన ఆ ఏడాదీ అయిపోయింది, ఆ కోటి మాత్రం అలాగే ఉంది!

మన ఎంపీలు ముందు దీని మీద పార్లమెంటులో అడగాలి, చిన్న సప్లయర్ల బాకీలకైనా ఆ పరిమితి తగ్గించాలి. తుపానొచ్చినా రోగమొచ్చినా వాయిదాలు ఆపితే ఆ నెలల వడ్డీ అసల్లో కలపకూడదని ముందే చట్టంలో రాయాలి, ప్రతిసారీ ఎవరో ఒకరు ఢిల్లీ దాకా వెళ్లి కేసెయ్యాలా? ఆ బ్యాంకు మెసేజ్ కూడా తెలుగులో, ఆపుకుంటే మొత్తం ఎంత ఎక్కువ కట్టాలో అంకె వేసి పంపమనండి.

ఇట్లు,
ఒక లెక్కలు రాసుకునేవాడు,
తణుకు