అప్‌గ్రేడ్‌ని తిట్టకు బావా

బావా,

ఆ రాత్రి ఫోన్ ఎత్తలేదని అలిగావంట, మీ చెల్లెలు చెప్పింది. ఎత్తే పరిస్థితి ఉంటే కదా! ప్లాంటులో ఐడెంటిటీ సర్వర్ పడిపోయింది. అదే, ఎవరు ఏ కంప్యూటర్లోకి ఎక్కవచ్చో చూసుకునే ఫ్రీఐపీఏ. నీ దగ్గర కూడా అదే నడుస్తోంది కాబట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు రాస్తున్నా. ఫోన్‌లో చెబితే ‘ఊఁ, ఊఁ’ అంటూ ఇంకోపక్క వాట్సాప్ చూసుకుంటావు, నాకు తెలీదా.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. నెల్లూరు చుట్టుపక్కల చెరువుల మీద వనామీ రొయ్యల పట్టుబడి మొదలైందంటే ప్లాంటుకి పగలూ రాత్రీ తేడా ఉండదు. ఐసు వేసిన ట్రేలు లారీల్లోంచి దిగుతూనే ఉంటాయి. తల తీసేవాళ్ళు, గ్రేడింగ్ చేసేవాళ్ళు నిలబడినచోట నిలబడే ఉంటారు. 30 కౌంటు, 40 కౌంటు అని విడదీసి, గడ్డకట్టించి, కార్టన్‌లో పెట్టాక దాని మీద లేబుల్ పడాలి. ఏ చెరువు సరుకు, ఏ లాటు, ఏ తేదీ ప్యాకింగు, అన్నీ ఆ లేబుల్లోనే. లేబుల్ కొట్టే లైనక్స్ పీసీల్లోకి ఎక్కాలంటే పాస్‌వర్డ్ సరిచూసేది మన ఐపీఏ సర్వరే. లేబుల్ పడని కార్టన్‌ని కోల్డ్ స్టోరేజీ వాళ్ళు లోపలికి రానివ్వరు. బయట ఎంతసేపని ఉంచుతావు రొయ్యని?

షిఫ్టు మారే సందులో ఆ సర్వరుకి అప్‌గ్రేడ్ పెట్టాము. డిస్కు స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికున్న నకలు, తీసుకున్నాకే మొదలుపెట్టాము. ప్యాకేజీలు చకచకా దిగాయి. చివర్లో ఐపీఏ తన సొంత అప్‌గ్రేడ్ స్క్రిప్టు నడుపుకుంటుంది కదా, అక్కడికొచ్చి నిలబడిపోయింది. కర్సర్ మిణుకుమంటోంది, లైను మాత్రం కదలడం లేదు. అట్టా అయిదు నిమిషాలు ఊరించి, ‘300 సెకన్లలో సీఏ లేవలేదు’ అని ఒక ముక్క రాసి చేతులెత్తేసింది. సీఏ అంటే గడువు తేదీ ఉన్న గుర్తింపు కార్డుల్లాంటి సర్టిఫికెట్లు ఇచ్చే భాగం. సరే, మనమే లేపుదామని సర్వీసులన్నీ లేపే ఐపీఏసీటీఎల్ స్టార్ట్ కమాండ్ కొట్టాను. యూజర్ల వివరాలుండే డైరెక్టరీ లేచింది, లాగిన్ టికెట్లు ఇచ్చే కెర్బరోస్ లేచింది, వెబ్ సర్వర్ లేచింది. సీఏని నడిపే పీకేఐ టామ్‌క్యాట్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే కథ. దానికున్న పాడు అలవాటు నీకు తెలుసుగా, ఒక్క సర్వీసు లేవకపోతే లేచినవాటిని కూడా పడుకోబెట్టేసి పోతుంది. సర్టిఫికెట్లు ఇచ్చే సీఏ ఒక్కటి చస్తే, దాంతో ఏ సంబంధమూ లేని లాగిన్లు కూడా ఆగిపోయాయి.

తమాషా ఏందంటే అందరికీ ఆగలేదు. పగటి షిఫ్టులో ఆ పీసీ మీద కూర్చున్న సూపర్‌వైజరు ఎక్కగలుగుతున్నాడు. అప్పుడే వేరే లైను నుంచి వచ్చిన అమ్మాయికి మాత్రం పాస్‌వర్డ్ తప్పంటోంది. ‘ఆయనకి వస్తోంది, నాకెందుకు రాదు సార్, నన్నేమన్నా తీసేశారా’ అని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. పీసీలో ఉండే ఎస్‌ఎస్‌ఎస్‌డీ, అంతకుముందు ఆ పీసీ ఎక్కినవాళ్ళ వివరాలు దాచిపెట్టుకుంటుంది. సర్వర్ లేకపోయినా వాళ్ళని రానిస్తుంది. కొత్త మొహాన్ని రానివ్వదు. ఇది తెలియనివాళ్ళంతా నెట్‌వర్క్ కేబుళ్ళు పీకి పెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళని ఆపడానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఈలోగా మేనేజరు వచ్చి ‘అప్‌గ్రేడ్ వెనక్కి తీసెయ్, అంతే’ అన్నాడు. అప్‌గ్రేడ్ తర్వాత చెడింది కాబట్టి అప్‌గ్రేడే చెడగొట్టింది, ఆయన లెక్క అది. నాకు అనుమానంగానే ఉంది గానీ వాదించే సమయం కాదు. స్నాప్‌షాట్‌కి తిప్పాము. పాత వెర్షన్, పాత ఫైళ్ళు, అంతా నిన్నటిలాగే. లేపితే సీఏ లేవలేదు! ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఆ తర్వాత మాత్రం గమ్మున వెళ్ళి పక్కన కుర్చీలో కూర్చున్నాడు, పాపం.

నేను నీకు చెప్పదలుచుకున్నది ఇదే బావా. సీఏ వాడుకునే సర్టిఫికెట్లు గడువు తీరి అప్పటికి చాలా రోజుల ముందే చచ్చాయి. సీఏ లేచేటప్పుడు ఒక్కసారి తన సర్టిఫికెట్లకి గడువు ఉందా లేదా అని పరీక్ష పెట్టుకుంటుంది. నడుస్తూ ఉన్నప్పుడు ఆ పరీక్ష లేదు, ఎప్పుడో లేచింది లేచినట్టే ఉంటుంది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు అయిపోయిన లారీ కావలి నుంచి హైవే మీద దర్జాగా పోతానే ఉంటుంది, తడ చెక్‌పోస్టు దగ్గర ఆపి కాగితాలు అడిగినప్పుడు కదా బయటపడేది. మా అప్‌గ్రేడ్ చేసిన పాపమల్లా సర్వీసుని ఆపి మళ్ళీ లేపడమే. కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేసినా ఇదే జరిగేది. స్నాప్‌షాట్ డిస్కుని వెనక్కి తిప్పుతుంది గానీ క్యాలెండర్‌ని తిప్పదు కదా.

వెంటనే చేసింది ఒకటే. ఐపీఏసీటీఎల్ స్టార్ట్‌కి ‘ఇగ్నోర్ సర్వీస్ ఫెయిల్యూర్స్’ అనే ఆప్షన్ తగిలించి లేపాను. సీఏ లేవకపోయినా మిగతావి నిలబడతాయి. ఆ అమ్మాయి లాగిన్ అయింది, ప్రింటరు లేబుల్ కక్కింది. అందరి టెన్షన్ సగం దిగింది. నువ్వు స్నాప్‌షాట్ తిప్పకుండా సగం అయిన అప్‌గ్రేడ్ మీదే ఉంటే ‘స్కిప్ వెర్షన్ చెక్’ కూడా కలపాలి, లేకపోతే లేపినప్పుడల్లా అప్‌గ్రేడ్ స్క్రిప్టునే మళ్ళీ మొదలెట్టి మళ్ళీ అక్కడే కూలబడుతుంది. ముందు జనాన్ని పనిలోకి పంపు, తర్వాత నింపాదిగా రిపేరు చెయ్యి.

అప్పుడు సర్టిఫికెట్ల గడువులు చూపించే గెట్‌సర్ట్ లిస్ట్ కొట్టి చూశాను. వెబ్ సర్వర్ సర్టిఫికెట్ బాగుంది. డైరెక్టరీది బాగుంది. సీఏ అసలు సర్టిఫికెట్‌కైతే 20 ఏళ్ళ గడువు, దానికేం ఢోకా లేదు. పోయినవి సీఏ పనికి వాడే లోపలివి: ఆడిట్ సంతకానిది, ఓసీఎస్‌పీది, సబ్‌సిస్టమ్‌ది, ఆర్ఏ ఏజెంట్‌ది. ఇవి రెండేళ్ళకోసారి మారాలి. సర్టిఫికెట్లు మార్చే ప్రోగ్రాం సర్ట్‌మాంగర్, గడువుకి 28 రోజుల ముందు నుంచే మార్చే ప్రయత్నం మొదలెడుతుంది. మరి బయటివన్నీ మారి ఇవెందుకు మారలేదు?

ఇక్కడే ఉంది కిటుకు. వెబ్, డైరెక్టరీ సర్టిఫికెట్లని ఏ సర్వరుకి ఆ సర్వరే మార్పించుకుంటుంది. ఈ నాలుగూ ఉమ్మడివి. వీటిని మార్చే బాధ్యత రెన్యువల్ మాస్టర్ అని ఒకే ఒక్క సర్వరుది. అది కొత్తవి చేయించి డైరెక్టరీలో పెడితే మిగతావి తీసుకుంటాయి. ఒకప్పుడు మాకు రెండు సర్వర్లు. నేను చేరకముందే పాత పెట్టెకి వయసైపోయిందని కరెంటు పీకి స్టోర్‌రూంలో పడేశారు. పీకినవాళ్ళు దాన్ని ఐపీఏ లెక్కలోంచి తీసెయ్యలేదు. ‘ఐపీఏ సర్వర్ డెల్’ అని పద్ధతిగా తీసుంటే మాస్టర్ పదవి దానంతటదే మిగిలిన సీఏకి వచ్చేది. తీయలేదు కాబట్టి, ఉన్న సర్వరేమో స్టోర్‌రూంలో దుమ్ము కొట్టుకుపోతున్న పెట్టె కొత్త సర్టిఫికెట్లు పెడుతుందని ఎదురుచూస్తూ కూర్చుంది. బయట బ్రౌజర్‌లో తాళం గుర్తు చక్కగా కనిపిస్తోంది, లాగిన్లు అవుతున్నాయి, ఎవరికి అనుమానం వస్తుంది చెప్పు?

చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ సిస్టమ్స్ చూసే మనవాడు ఆ రాత్రే ఫోన్లో ‘గడియారం వెనక్కి తిప్పు, గడువులోకి పోయి రెన్యూ చేసుకుని ముందుకు రా’ అన్నాడు. పాత కాలంలో అందరూ అదే చేసేవాళ్ళు, పని కూడా చేసేది. నేను ఒప్పుకోలేదు. కెర్బరోస్‌కి అయిదు నిమిషాల తేడా దాటితే చాలు, టికెట్ ఒప్పుకోదు. పైగా మా పీసీలు టైము కూడా ఈ సర్వర్ దగ్గరే తెచ్చుకుంటాయి. ఎగుమతి కార్టన్ల మీద పోయిన నెల తేదీతో లేబుల్ పడిందనుకో, సర్వర్ కన్నా ముందు నేను పడిపోతా.

2019 నుంచి దీనికి ఐపీఏ సర్ట్ ఫిక్స్ అనే కమాండ్ వచ్చింది. గడియారం ముట్టుకోనక్కర్లేదు, డైరెక్టరీ సర్వర్ నడుస్తూ ఉంటే చాలు. కొట్టగానే గడువు తీరినవాటి పేర్లు, సీరియల్ నంబర్లు, తేదీలు వరసగా చూపించి, ‘యెస్ అని టైపు చెయ్యి’ అని అడుగుతుంది. వై కాదు, మొత్తం యెస్. ఉమ్మడి సర్టిఫికెట్లు మార్చినప్పుడు ఆ సర్వర్నే రెన్యువల్ మాస్టర్ని కూడా చేసేస్తుంది, అందుకని నీకు సర్వర్లు ఎక్కువుంటే అన్నిట్లోనూ కొట్టుకుంటూ పోవద్దు. ఒక్కదాంట్లో కొట్టి మిగతావాటికి సర్ట్‌మాంగర్ తెచ్చేదాకా ఆగు. అప్పటికీ సీఏ లేవకపోతే డైరెక్టరీలో పీకేఐ డీబీ యూజర్ అనే ఎంట్రీ ఉంటుంది. అందులో ఉన్న సబ్‌సిస్టమ్ సర్టిఫికెట్, డిస్కు మీద ఉన్నదీ ఒకటేనా, సీరియల్ నంబర్ కలుస్తోందా చూసుకో. మాకు ఆ అవసరం రాలేదు. రీస్టార్ట్ చేస్తే టామ్‌క్యాట్ మారుమాట్లాడకుండా లేచింది. తర్వాత అదే అప్‌గ్రేడ్ మళ్ళీ పెట్టాము, ఎక్కడా ఆగలేదు. మేనేజరు మాత్రం ఇప్పటికీ ‘ఆ రోజు అప్‌గ్రేడ్ వల్ల’ అనే చెబుతున్నాడు అందరికీ.

మనమే ఇట్టా అనుకోకు. 2018 డిసెంబరు 6న ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్‌కి గడువు తీరి, బ్రిటన్‌లో ఓ2 నెట్‌వర్క్ మీదున్న కోట్ల మందికి రోజంతా మొబైల్ డేటా లేదు. బయటి వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకి 2026 మార్చి 15 దాకా 398 రోజులు అత్యధిక గడువు. దాన్ని విడతలవారీగా కోసుకుంటూ 2029 మార్చికి 47 రోజులకి తెస్తామని 2025లో తీర్మానించేశారు. మన లోపలి సీఏకి ఆ రూలు వర్తించదులే. కానీ చేత్తో మార్చుకునే రోజులు పోయినట్టే. మార్చే యంత్రం నడుస్తోందా లేదా అని చూడటమే ఇక మన ఉద్యోగం. వచ్చే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టెలతోపాటు రెన్యువల్ రొట్టె ఎవరన్నా ఇస్తారేమో అడగాలి.

మా దగ్గర ఇప్పుడు ఐపీఏ హెల్త్‌చెక్ రోజూ నడుస్తోంది, గడువు దగ్గరపడితే నా ఫోన్‌కే మెయిలొస్తుంది. స్టోర్‌రూం పెట్టెని లెక్కలోంచి తీసేశాను. సీఏతో సహా రెండో సర్వర్ కావాలని కాగితం పెట్టాను, ‘చూద్దాం’ అన్నారు. మా దగ్గర చూద్దాం అంటే పట్టుబడి అయ్యాక అని.

నువ్వు కిందటేడు రెండు సర్వర్లు మార్చానని గొప్పగా చెప్పావు, అందుకే నాకు గుబులు. ఉత్తరం చదవగానే రెండు కమాండ్లు కొట్టు. ఐపీఏ కాన్ఫిగ్ షోలో రెన్యువల్ మాస్టర్ అని ఎవరి పేరుంది? ఆ పెట్టె బతికే ఉందా? తర్వాత గెట్‌సర్ట్ లిస్ట్‌లో ఎక్స్‌పైర్స్ అన్న లైన్లు మాత్రం ఏరి నాకు పంపు. లోపలివాటితో సహా అన్నీ పంపు, బ్రౌజర్‌లో తాళం గుర్తు ఫోటో తీసి పంపితే ఒప్పుకోను.

నీ
బుజ్జి