హెడ్ ప్యాకింగ్ పాతది మళ్లీ వేయం, డెలివరీ ఆలస్యమైనా సరే

మా షెడ్డులో ఇంజన్ విప్పి ఉన్న అంబాసిడర్, పద్మిని ఓనర్లకు ముందే చెప్పేస్తున్నాం: మీ బళ్లు మాట ఇచ్చిన తేదీకి రావు. బోరు, క్రాంకు, వాల్వులు, లేత్ పనులు అన్నీ అయిపోయాయి. పని ఆగింది హెడ్ గ్యాస్కెట్ దగ్గరే, అంటే ఇంజన్ బ్లాకుకీ దాన్ని పైన మూసే హెడ్డుకీ మధ్య వేసే ప్యాకింగు దగ్గర.

ఏళ్ల తరబడి మాకు గ్యాస్కెట్ సెట్లు పంపుతున్న సప్లయర్ ఈసారి పంపిన అంబాసిడర్ పెట్రోల్ సరుకు పనికిరాదు. వెనక్కి పంపిస్తే, "మిగతా షెడ్లవాళ్లు వేసుకుంటున్నారు, పేచీ మీకొక్కరికే" అని జవాబొచ్చింది. ఆ మాటే మీ చెవిన కూడా పడొచ్చు. అందుకే పేచీ ఏమిటో వివరంగా చెబుతున్నాం.

అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కి స్టాండర్డ్ బోరు, అంటే సిలిండర్ రంధ్రం వెడల్పు, 73 మి.మీ. ఈ వయసు బళ్లలో స్టాండర్డ్ మిగిలినవి తక్కువ. అరిగిన బోరుని కోసి పెద్ద పిస్టన్ వేస్తారు, ఎంత పెద్దదో అంగుళంలో వెయ్యోవంతుల్లో చెబుతారు: 40 సైజు పిస్టన్ అంటే బోరు 74 దాటింది, 60 సైజు అంటే 74.5. గ్యాస్కెట్ రంధ్రం బోరు కన్నా చుట్టూ కాస్త పెద్దదిగా ఉండి తీరాలి. వచ్చిన సరుకులో రంధ్రం 74 దగ్గరే ఆగిపోయింది. దాన్ని 60 సైజు బ్లాకు మీద పెడితే ఫైర్ రింగు (గ్యాస్కెట్ రంధ్రానికి కట్టిన రేకు) అంచు చుట్టూ లోపలికి పొడుచుకొస్తుంది. మంటలోకి వచ్చిన ఆ పల్చటి రేకు ఎర్రగా కాలుతుంది, స్పార్కు పడకముందే పెట్రోల్‌ని అంటిస్తుంది. బండి ఎక్కుడులో నాకింగ్ చేస్తుంది, తాళం తీసేసినా ఇంజన్ కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. చివరికి రింగు కాలి పక్క సిలిండర్‌లోకి దారి పడుతుంది.

రెండో లోపం మందం. ఒక కొసన, రెండో కొసన వెర్నియర్ పెడితే అంకె కలవలేదు. మూడోది అన్నిటికన్నా ప్రమాదం: రాకర్ షాఫ్ట్‌కి (వాల్వుల్ని నొక్కే రాకర్లు ఉండే కడ్డీకి) ఆయిల్ ఎక్కే చిన్న రంధ్రం పక్కకి జరిగి, బ్లాకులోని దారిని సగం మూసేస్తోంది. బిగించాక ఇది బయటికి కనపడదు. రాకర్లు ఎండిపోయి అరిగాకే టాపెట్ శబ్దంగా వినిపిస్తుంది. నిందపడేది అప్పుడు మా చేతిపనికి. మా పేరు మీద బయటికెళ్లే ఇంజన్‌లో అలాంటిది వేయం.

ఇక పాతదే మళ్లీ వేద్దామా అన్న ప్రశ్న. దీని మీదే ఎక్కువ మల్లగుల్లాలు పడ్డాం. పెళ్లి ముహూర్తాలకి బళ్లు ఒప్పుకున్న ఓనర్లు ఉన్నారు. విప్పిన వాటిలో రెండు మూడు ప్యాకింగులు చూడటానికి చక్కగానే ఉన్నాయి. పాత మేస్త్రీలు రాగి-ఆస్‌బెస్టాస్ ప్యాకింగుకి సిల్వర్ పెయింట్ పూసి మళ్లీ వేసిన మాటా నిజమే, అవి నడిచిన మాటా నిజమే. అయినా వద్దనే నిర్ణయించాం.

ప్యాకింగు మొదటిసారి బిగించినప్పుడే నలిగి, ఆ హెడ్డు, ఆ బ్లాకు మీదున్న గీతల్లోకి సర్దుకుంటుంది. ఒకసారి సర్దుకున్నాక వెనక్కి ఉబికే గుణం పోతుంది. హెడ్డు ఫేసింగ్ చేసి (కింది ముఖాన్ని మెషీన్ మీద చదును చేసి) వచ్చాక పాత గీతలు ఉండవు, కొత్తవాటిలోకి దిగే మెత్తదనం పాతదానిలో ఉండదు. రాగిని ఎర్రగా కాల్చి మెత్తబరచొచ్చు, మధ్యలో గట్టిపడిన పొరని మెత్తబరచలేం. పద్మినికి ఇంకా కష్టం. దాని హెడ్డు అల్యూమినియం, వేడికి పోత ఇనుము కన్నా రెట్టింపు సాగుతుంది, ప్రతి వేడికీ చలికీ ప్యాకింగు మీద రుద్దుతుంది. లీకైతే రేడియేటర్‌లో బుడగలు, ఆయిల్ మూత కింద తెల్లటి జిగురు, కంప్రెషన్ చూస్తే పక్కపక్క రెండు సిలిండర్లు కలిసి తక్కువ. మళ్లీ హెడ్డు విప్పాలి, అప్పటికి కొత్త బేరింగుల్లోకి నీళ్లు చేరి ఉంటాయి.

ఉత్త రాగి రేకు కోయించి వేయడం గురించి కూడా ఆలోచించాం. కంప్రెషన్ పట్టుకుంటుంది గానీ నీటి రంధ్రాల దగ్గర చెమ్మ ఆపడం కష్టం. రోజూ తిరిగే బండికి అది నప్పదు.

మళ్లీ వాడేవి కొన్ని ఉన్నాయి, వాటికి కొత్తవాటి డబ్బు మీ దగ్గర తీసుకోం. అరగని రాగి వాషర్లు కాల్చి చల్లార్చి వేస్తాం. టాపెట్ కవర్ కార్క్ మెత్తగా, పగుళ్లు లేకుండా ఉంటే అదే ఉంటుంది, పైన నట్లు అతిగా బిగిస్తేనే అది నలిగి కారుతుంది. బ్లాకు పక్కనుండే టాపెట్ డోర్ల కార్క్ మాత్రం తప్పకుండా మారుస్తాం, ఇంజన్ బండిలో కూర్చున్నాక అక్కడ చెయ్యి పట్టదు. వాటర్ పంపు, టైమింగ్ కవర్ పేపర్ ప్యాకింగులు షీటు తెచ్చి ఇక్కడే కోసుకుంటాం.

వేరే చోట నుంచి సెట్లు తెప్పిస్తున్నాం. వచ్చిన ప్రతిదాన్నీ బిగించేముందు మీ బ్లాకు మీద పొడిగా పరిచి చూస్తాం: నాలుగు బోర్లూ, ఆయిల్ రంధ్రమూ తేటగా కనపడాలి, "టాప్", "ఫ్రంట్" గుర్తులు సరైన వైపుండాలి. హెడ్డు మీద స్కేలు పెట్టి కింద 0.1 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరితే ఫేసింగ్ చేయిస్తాం. నట్లు మధ్యనుంచి బయటికి, మూడు విడతల్లో, బిగింపు కొలిచే టార్క్ రెంచితోనే. ఆగిన రోజులకి షెడ్డు అద్దె లేదు, లేబర్ ముందు చెప్పినంతే.

పాత ప్యాకింగుతోనే బిగించమని పట్టుబట్టేవాళ్లు మన్నించాలి, ఆ పని మా షెడ్డులో జరగదు. విడిభాగాలన్నీ కట్టి ఇస్తాం, ఇంకో చోట చేయించుకోండి, ఇప్పటిదాకా అయిన పనికే బిల్లు. ఇంటి దగ్గర మీరే హెడ్డు దించుతుంటే ఒక్క మాట: పాత ప్యాకింగుని పొడిగా గీకొద్దు, గ్రైండర్ బ్రష్షు అసలే వద్దు. అందులోని ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెస్తుంది. నీళ్లతో తడిపి, చేత్తో బ్లేడు పట్టి తీసి, తడిగానే కవర్లో కట్టేయండి.

బండి తీసుకెళ్లాక 500 కిలోమీటర్లకి ఒకసారి పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో తీసుకురండి. రాత్రే తెచ్చి వదిలినా మంచిదే. హెడ్డు నట్లు మళ్లీ పట్టు చూడాలి, రాకర్ స్టాండ్లు కూడా ఆ స్టడ్ల మీదే ఉంటాయి కాబట్టి టాపెట్ (రాకరుకీ వాల్వుకీ మధ్య సందు) మళ్లీ సెట్ చేయాలి. దానికి డబ్బులు తీసుకోం.