నూనె సీసా మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని చూసి నిశ్చింతగా ఉండకండి

అందరికీ నమస్కారం. 'కొలెస్ట్రాల్ ఫ్రీ' అని రాసి ఉన్న నూనె మంచిదంటూ నిన్న గ్రూప్‌లో వచ్చిన ఫార్వర్డ్ గురించి ఒక మాట. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే ఉంటుంది. మొక్కల నుంచి తీసిన నూనెలో దాదాపు ఉండనే ఉండదు. కాబట్టి ఆ మాట చూసి ఏ నూనె మంచిదో తేల్చుకోలేం.

చూడాల్సింది ప్యాకెట్ వెనక. శాచురేటెడ్ ఫ్యాట్, అంటే వెన్న, నెయ్యి లాంటి వాటిలో ఎక్కువగా ఉండే కొవ్వు, ఎక్కువైతే రక్తంలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, పెరుగుతుంది. అది రక్తనాళాల గోడల్లో పేరుకుని దారి ఇరుకు చేస్తుంది. రోజూ ఆహారం నుంచి తీసుకునే శక్తిలో (క్యాలరీల్లో) శాచురేటెడ్ ఫ్యాట్ వాటా 10 శాతం దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 2000 క్యాలరీలు తినేవాళ్లకు సుమారు 22 గ్రాములు.

ట్రాన్స్ ఫ్యాట్, అంటే ఎక్కువగా నూనెను గట్టిపరిచేటప్పుడు (హైడ్రోజనేట్ చేసేటప్పుడు) తయారయ్యే కొవ్వు, ఇంకా ప్రమాదం. చెడును పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. ముందువైపు 'ట్రాన్స్ ఫ్యాట్ సున్నా' అని ఉన్నా, పదార్థాల జాబితాలో 'పాక్షికంగా హైడ్రోజనేటెడ్' అన్న మాట ఉందేమో చూడండి. కొన్ని దేశాల్లో ఒక్క సర్వింగ్‌లో, అంటే ప్యాకెట్ మీద చెప్పిన ఒకసారి తినే మోతాదులో, కొద్దిగానే ఉంటే సున్నా అనే రాయనిస్తారు. మనం తినేదేమో ఒక్క సర్వింగ్‌తో ఆగదు కదా!

అలాగని కొవ్వు మొత్తం మానేయక్కర్లేదు. గింజలు, చేపలు, ద్రవరూపంలో ఉండే చాలా నూనెల్లోని అన్‌శాచురేటెడ్ కొవ్వు గుండెకు మేలే. వెన్న తగ్గించి ఆ లోటు చక్కెరతో, మైదాతో పూడ్చుకుంటే మాత్రం ఫలితం ఉండదు. చాలామంది జారిపోయేది ఇక్కడే.

గుండెజబ్బు ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు ఈ మెసేజ్ చూసి ఏదీ మార్చొద్దు, ముందు మీ డాక్టర్‌ని అడగండి. మిగతావాళ్లు ఈ రోజు వంటింట్లో ఉన్న ఒక్క ప్యాకెట్ తిప్పి చూసి, ఏం కనబడిందో ఇక్కడ రాయండి.