కాలువ కింద వరి కయ్యలు తీసి ప్లాట్ల రాళ్ళు పాతుతున్నారు: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

కర్నూలు జిల్లా నుంచి కేసీ (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టు రైతు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

మా ఊరి చుట్టూ పొలాలు ప్లాట్లయిపోతున్నాయేమని ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "జనం పెరుగుతున్నారు, ఇళ్ళు కావాలి కదా" అంటారు. ఆఫీసుల్లో అదే మాట, వెంచర్లు వేసేవాళ్ళది అదే మాట, టీ అంగడి దగ్గర కూర్చునే మావాళ్ళదీ అదే మాట. ఇంతమంది నమ్మిన ఈ మాట నిజమేనా అని ప్రభుత్వం తరఫున ఒక్కసారైనా లెక్క తీశారా అన్నదే నా ప్రశ్న.

జనం పెరగలేదని నేననను. ఉమ్మడి కర్నూలు జిల్లా జనాభా 2001లో 35 లక్షల పైచిలుకు ఉండేది, 2011 నాటికి 40 లక్షలు దాటింది. ఆ తర్వాత మళ్ళీ జనగణన జరగనే లేదు. కానీ ఆ పాత పెరుగుదల పేరు చెప్పి ఇప్పటి పొలాలను తినేయడం కుదరదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో తల్లికి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలబడాలంటేనే 2.1 కావాలంటారు. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచిగా పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో మీ ప్రభుత్వమే ఎత్తేసింది. పిల్లల్ని కనండి అని సాక్షాత్తూ ముఖ్యమంత్రి గారే చెబుతున్నారు. మనుషులు తగ్గిపోతున్నారని ఒక సభలో బాధపడి, మనుషులు పెరిగిపోతున్నారని ఇంకో ఆఫీసులో లేఅవుట్లకు సంతకాలు పెడితే మాలాంటి వాళ్ళకు ఏది నమ్మాలో అర్థం కావడం లేదు.

ఇంకో సంగతి. జిల్లా పడమటి వైపు కోసిగి, కౌతాళం, ఆదోని పల్లెల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు, హైదరాబాదు కట్టడాల పనులకు వలస పోతాయి. అక్కడ ఊళ్ళకు ఊళ్ళు తాళాలు వేసుకుంటాయి. కర్నూలు నగరానికి కొత్తగా వచ్చేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళలో ఎక్కువమంది పాతబస్తీలోనో, కల్లూరు వైపో అద్దె గదుల్లో సర్దుకుంటారు. ఐదు సెంట్ల ప్లాటు కొనే స్తోమత వాళ్ళకు లేదు. పేదలకు ఇంటి స్థలాలిచ్చినప్పుడు పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర ఇచ్చారు. ఇప్పుడు రెండు, మూడు అంటున్నారు, మంచిదే. పేదవాడి గూటికి పోయే భూమి గురించి నాకు ఏ పేచీ లేదు.

మరి ఈ ప్లాట్లు ఎవరు కొంటున్నారు? ఇల్లు కట్టుకునే ఉద్దేశం లేనివాళ్ళే ఎక్కువ. రిటైర్మెంట్ డబ్బులొచ్చిన ఉద్యోగి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే కుర్రాడు, మందుల షాపు యజమాని, బంగారం వ్యాపారి. వాళ్ళను తప్పుపట్టను. చేతిలో నాలుగు రాళ్ళుంటే బ్యాంకులో వేయాలా, స్థలం మీద పెట్టాలా అని ఏ ఇంట్లోనైనా ఆలోచిస్తారు. కానీ ప్లాటు ఫిక్సెడ్ డిపాజిట్ అయిపోయిన చోట ఇల్లు లేవదు, పంటా పండదు. 2019 డిసెంబరులో కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. వారం తిరగకముందే హైకోర్టు పేరుతో బ్రోచర్లు వచ్చేశాయి. 2021లో ఆ మూడు రాజధానుల చట్టాలను వెనక్కు తీసుకున్నారు, ప్లాట్లను వెనక్కు తీసుకున్నవాళ్ళు మాత్రం లేరు. 2024 నవంబరులో హైకోర్టు బెంచ్ కోసం అసెంబ్లీ తీర్మానం చేసింది, బ్రోచర్ల మీద హైకోర్టు చెరిపి బెంచ్ అని రాసుకున్నారు. రేపు ఇంకేదో వస్తుంది. కర్నూలుకు ఏదొచ్చినా, రాకపోయినా వెంచర్ మాత్రం తప్పకుండా వస్తుంది.

నా పొలం పక్కన వెంచర్ సంగతి చెబుతాను, ఎందుకంటే ఇలాంటివి కాగితాల్లో కనిపించవు. ముందర పెద్ద ఆర్చి, దానికి బంగారు రంగు. లోపల గరుసు తోలిన రోడ్లు, రెండు వైపులా తెల్ల రంగు కొట్టిన రాళ్ళు, రాళ్ళ మీద ఎర్రటి అంకెలు. పార్కు అని బోర్డు పెట్టిన చోట కంపచెట్లు మనిషెత్తు పెరిగాయి. ప్లాట్లన్నీ అమ్ముడుపోయి ఏళ్ళు గడిచాయి. ఇల్లు ఒకే ఒక్కటి లేచింది, అదీ వాచ్‌మన్ రేకుల షెడ్డు. ఎకరంలో రోడ్లకూ పార్కుకూ వదలగా అమ్మకానికి మిగిలేది సగానికి కాస్త పైన. అంటే మిగతా సగం ఎవరూ నడవని రోడ్డయి కూర్చుంది. అది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైరుకు ఎంత మంచిదో గోడకు అంత చెడ్డది. పునాది లోతుగా తీసి, గుట్టల నుంచి తోలిన గరుసుతో నింపితే గానీ ఇల్లు నిలవదు. ఆ గరుసు కోసం ఇంకెక్కడో గుట్ట కరుగుతుంది, ఆ కథ వేరే.

అసలు దెబ్బ ప్లాట్లు పడిన పొలానికి కాదు, పక్క పొలానికి. తూము నుంచి మా కయ్యలకు వచ్చే పిల్లకాలువ ఆ వెంచర్ మధ్యలో నుంచి వచ్చేది. దాన్ని పూడ్చి సిమెంటు పైపు వేశారు. పైపు వేసింది మా కయ్యల కన్నా ఎత్తులో కాదు, పల్లంలో. నీళ్ళు మా దాకా ఎక్కవు. వానాకాలంలో మురుగు బయటికి పోయే దారీ లేక వెంచర్ అంచున ఉన్న మడిలో నిలబడిపోతుంది. కింద ఇద్దరు రైతులు రెండేళ్ళు నెట్టుకొచ్చి, నీళ్ళు రాని పొలం ఏం చేసుకుంటామని వాళ్ళూ అదే వెంచర్‌కు అగ్రిమెంట్ రాసిచ్చారు. నేను ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాను. మనిషి వచ్చి చూసింది లేదు గానీ "అర్జీ పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజ్ మాత్రం వచ్చింది. ఇలా ఒక్క అనుమతితో నాలుగు కమతాలు పోతాయి. మీ ఫైల్లో మాత్రం ఒకటే పోయినట్టు ఉంటుంది.

అన్ని పొలాలూ ఒకటి కావన్నది మీ శాఖ గుర్తించాలి. సీమలో వర్షం మీద ఆధారపడిన నేల ఎంతైనా ఉంది, కాలువ నీళ్ళు పారే నేల బహు తక్కువ. 1863లో మొదలుపెట్టి 1870 నాటికి ఒక ఇంగ్లీషు కంపెనీ కేసీ కాలువ తవ్వింది. పడవలు కూడా నడపాలనుకున్నారు, నష్టాలొచ్చి 1882లో ప్రభుత్వానికి అమ్మేసుకున్నారు. సుంకేసుల నుంచి కడప దాకా 306 కిలోమీటర్లు. దాని కింద రమారమి 2.65 లక్షల ఎకరాలు, కేటాయించిన నీళ్ళు 39.9 టీఎంసీలు. ఆ కేటాయింపు కూడా ఏటా పూర్తిగా అందక చివరి ఆయకట్టు మైదుకూరు, చాపాడు రైతులు ఎన్నిసార్లు రోడ్డెక్కారో మీకు తెలుసు. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి సీమ అడిగేది మొదట నీళ్ళే. 2016లో కృష్ణా నది మీద సిద్ధేశ్వరం అలుగు కోసం రైతులు తామే వెళ్ళి శంకుస్థాపన చేసుకున్నారు. ఇంత గొడవపడి తెచ్చుకున్న నీళ్ళు పారే నేల మీద రాళ్ళు పాతడానికి మనకు చేతులెలా వస్తున్నాయి?

నగరం పెరగడానికి వేరే స్థలం లేక కాదు. ఓర్వకల్లు వైపు దాదాపు 6 వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో వచ్చింది, 2021లో విమానాశ్రయం వచ్చింది. ఆ రాళ్ళ నేలలో పరిశ్రమలు పెడుతున్నారు. అక్కడ భూములిచ్చినవాళ్ళ కష్టాలు వాళ్ళకున్నాయి, కాదనను. అయినా అక్కడ పోయింది కాలువ ఆయకట్టు కాదు. నగరాన్ని ఆ వైపు నడిపించడం మాస్టర్ ప్లాన్ చేతిలో పని. ఇప్పుడు మాత్రం ప్లాన్ వెనకా వెంచర్లు ముందూ నడుస్తున్నాయి.

చట్టంలోనూ ఒక వింత ఉంది. 2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ ప్రకారం రెండు పంటలు పండే సాగునీటి భూమిని ప్రభుత్వం తీసుకోవాలంటే అది చిట్టచివరి మార్గం కావాలి, బదులుగా అంత బీడు భూమిని సాగులోకి తేవాలి. తర్వాత మన రాష్ట్రం 2018లో కొన్ని ప్రాజెక్టులకు ఆ పట్టు సడలించింది. ఎలా చూసినా, ప్రభుత్వం మీదే ఆ మాత్రం కట్టడి పెట్టినప్పుడు రియల్ ఎస్టేట్ వ్యాపారి మీద ఏ కట్టడీ లేకపోవడం ఏమిటి? సాగు భూమిని వేరే అవసరాలకు మార్చే 2006 నాలా చట్టంలో కనీసం రెవెన్యూ అధికారి ఒకసారి చూసి భూమి మార్పిడి చేయాలన్న తంతు ఉండేది. అది లంచాల పుట్ట అయిందన్నారు, కాదనడానికి నా దగ్గర మాట లేదు. 2025లో దాన్ని రద్దు చేసి రుసుము కడితే చాలన్న పద్ధతి తెచ్చారు. లంచం పోతే సంతోషమే, దాంతో పాటు ప్రశ్న అడిగేవాడూ పోయాడు. మన దక్షిణాదిలోనే ఉన్న కేరళ 2008లోనే వరి మడుల రక్షణకు ప్రత్యేక చట్టం చేసుకుంది. జనసాంద్రతలో మనకన్నా ఎంతో ముందున్న రాష్ట్రం అది.

రైతులే అమ్ముకుంటున్నారు కదా అని మీరంటారు. నిజం, అమ్ముకుంటున్నారు. వరికి వచ్చే ధర కూలీలకే సరిపోవడం లేదు, కొడుకు ఊళ్ళో ఉండనంటాడు, కూతురి పెళ్ళి అప్పు తీరదు. ఎకరం పండించి ఇరవై ఏళ్ళకు కూడబెట్టలేనిది ఒక్క సంతకంతో వస్తే ఎవరు కాదంటారు? అమ్ముకునే హక్కు తీసేయమని నేను కోరడం లేదు. ఆయకట్టులో కొత్త లేఅవుట్లు ఆపితే రైతు చేతికొచ్చే ధర పడిపోతుంది, ఇది చిక్కుముడే. ఆ నష్టం ఒక్క రైతే మోయకూడదు, సాగులో ఉంచినందుకు ప్రభుత్వం ఏటా ఎకరానికి ఇంత అని ఇవ్వాలి. ఇక కౌలు రైతు సంగతి. అమ్మకంలో అతనికి రూపాయి రాదు, అగ్రిమెంట్ అయిన మర్నాడు పొలం ఖాళీ చేయమంటారు. అతని పేరు ఏ ఫైల్లోనూ ఉండదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. గత పదేళ్ళలో ఈ జిల్లాలో అనుమతి ఇచ్చిన ప్రతి లేఅవుట్‌లో ఎన్ని ప్లాట్లున్నాయో, వాటిలో ఎన్నింటిలో ఇల్లు లేచిందో లెక్క తీయించి కాగితం మీద పెట్టండి. 2027 జనగణనలో ఇళ్ళు లెక్కపెడతారు, మూతపడిన ఇళ్ళనూ రాసుకుంటారు. ఖాళీ ప్లాట్లను ఎవరూ లెక్కపెట్టరు, ఆ పని మీ శాఖే చేయాలి. ఉన్న ప్లాట్లలో సగం వాటిలోనైనా ఇళ్ళు లేచేదాకా కేసీ ఆయకట్టులో కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇవ్వకండి. ఖాళీ స్థలాల పన్ను చట్టంలో ఎప్పటినుంచో ఉంది, దాన్ని గట్టిగా వసూలు చేస్తే ఇల్లు కట్టుకునేవాళ్ళెవరో, ధర పెరిగేదాకా పట్టుకు కూర్చునేవాళ్ళెవరో తేలిపోతుంది. అనుమతి లేని వెంచర్లకు 2020లో ఒకసారి, 2025లో మళ్ళీ క్రమబద్ధీకరణ తలుపు తెరిచారు. మూడోసారి తెరవబోమని ఇప్పుడే చెప్పేస్తే చాలామంది రాళ్ళు పాతడం మానుకుంటారు.

పిల్లకాలువ పూడ్చిన ప్రతి చోటా పైపు మట్టం కొలిచి సరిచేసే పని మాత్రం లెక్కల కోసం ఆగకూడదు. ఖరీఫ్‌కు సుంకేసుల నుంచి నీళ్ళు వదలక ముందే, జలవనరుల శాఖ ఇంజనీరును, మీ టౌన్ ప్లానింగ్ అధికారిని ఇద్దర్నీ కలిపి పంపండి. ఒక్కరినే పంపితే తప్పు రెండో శాఖదని రాసిపెట్టి పోతారు.

ఇట్లు,
కేసీ కాలువ ఆయకట్టు రైతు,
కర్నూలు జిల్లా